రెట్టింపు అనే ముందు

చిట్టికి, మామయ్య ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్ చేసి, "నీ మేనకోడలు ఉద్యోగం చేసుకుంటూనే యూట్యూబ్ చానల్ పెడుతుందట అన్నయ్యా. మందులు, మనస్తత్వం, కెమిస్ట్రీ, ఎక్కడ ఏ కొత్త రీసెర్చ్ వచ్చినా వారం వారం తెలుగులో చెబుతుందట. నువ్వైనా కాస్త చెప్పు" అంది. మానెయ్యమని చెప్పమందో, బాగా చెయ్యమని చెప్పమందో నాకు అర్థం కాలేదు. ఫోన్ పెట్టేశాక మాత్రం కాసేపు ఊరికే మురిసిపోయాను. ఇన్నేళ్లు డెస్క్‌లో సైన్స్ పేజీ చూసినవాడిని, మన ఇంట్లో ఇంకొకరికి ఈ పిచ్చి పడుతుందని అనుకోలేదు. ఆ తర్వాత టెన్షన్ మొదలైంది. ఫోన్‌లో చెబితే నువ్వు "సరే మామయ్యా, సరే మామయ్యా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

మామూలు జాగ్రత్తలు నీకు తెలిసినవే, గబగబా చెప్పేస్తాను. ప్రెస్‌నోట్ కాదు, అసలు పేపర్ చదువు. ఎంతమంది మీద చేశారో చూడు. ఎలుకల మీద చేసిందైతే ఆ ముక్క మొదటి వాక్యంలోనే చెప్పు, చివర్లో గొణగకు. డబ్బు ఎవరు పెట్టారో చూడు. మంచి మైకు కొనుక్కో. రాత్రి రెండింటిదాకా స్క్రిప్టులు రాస్తూ కూర్చోకు. లైటు ఆర్పేసి ఫోన్ వెలుతురులో రాస్తున్నావని మీ అమ్మకి తెలుసు.

ఇక అసలు సంగతి. నువ్వు పుట్టకముందు, 1995 అక్టోబర్‌లో బ్రిటన్‌లో ఒక గొడవ జరిగింది. అక్కడి మందుల భద్రత కమిటీ డాక్టర్లకీ ఫార్మసిస్టులకీ ఒక అత్యవసర హెచ్చరిక పంపింది. మూడో తరం గర్భనిరోధక మాత్రలని కొన్ని కొత్తవి అప్పటికి వాడకంలో ఉన్నాయి. అవి వేసుకునే ఆడవాళ్లకి రక్తనాళాల్లో గడ్డ కట్టే ప్రమాదం, పాత రకం మాత్రలు వేసుకునేవాళ్లతో పోలిస్తే దాదాపు రెట్టింపు అని దాని సారాంశం. ఆ ఉత్తరం చాలామంది డాక్టర్లకి అందకముందే వార్త బయటికి పొక్కింది. వాడాలా మానాలా అని ఆడవాళ్లు అడిగితే, జవాబు చెప్పాల్సిన డాక్టరుకీ అప్పటికి టీవీలో విన్నదే తెలుసు.

ఇప్పుడు అంకెలు చూడు. పాత మాత్రలతో ఏడాదికి సుమారు 7,000 మందిలో ఒకరికి గడ్డ కట్టేది. కొత్తవాటితో 7,000 మందిలో ఇద్దరికి. ఒకటి రెండయితే రెట్టింపే కదా. కమిటీ అబద్ధమాడలేదు, పేపర్లూ అబద్ధమాడలేదు. కానీ "మీకు ప్రమాదం రెట్టింపు" అని విన్న మనిషి మనసులో 7,000 ఎక్కడుంటుంది? రేపో ఎల్లుండో తన కాల్లోనే గడ్డ కడుతుందని అనుకుంటుంది. చాలామంది భయపడి మాత్రలు మానేశారు. వాళ్లలో ఎందరో బదులుగా ఇంకో పద్ధతికి మారలేదు. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 13,000 అబార్షన్లు అదనంగా జరిగాయని తర్వాత లెక్క తేల్చారు. ఇందులో నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఒకటుంది. గర్భంతో ఉన్నప్పుడు రక్తం గడ్డ కట్టే ప్రమాదం ఆ మాత్రల వల్ల వచ్చేదానికంటే ఎక్కువ. గడ్డకి భయపడి మానేసినవాళ్లలో కొందరు అంతకంటే పెద్ద ప్రమాదంలోకే నడిచారన్నమాట.

ఆ వార్త మా డెస్క్‌కీ వచ్చింది. చిన్న ఐటమ్, సింగిల్ కాలమ్. హెడ్డింగ్‌లో "రెట్టింపు" ఉంది, లోపల 7,000 లేదు. ఆ రాత్రి పేజీ పెట్టిన సబ్ ఎడిటర్ చాలా నెమ్మదస్తుడు, అక్షరదోషం కనిపిస్తే నిద్రపోయేవాడు కాదు. అతనికీ అనుమానం రాలేదు, ఎందుకంటే వాక్యంలో దోషం లేదు. ఎంతకి రెట్టింపు అని అడగడం అప్పటికి ఎవరికీ అలవాటు లేదు. నువ్వు మాత్రం అలవాటు చేసుకో. శాతం చెప్పిన ప్రతిసారీ దాని వెనక ఉన్న రెండు అంకెలూ చెప్పు. ఆ రెండూ దొరక్కపోతే ఆ వార్త వదిలెయ్, కొంపలేమీ మునగవు.

ఇది భయపెట్టే వార్తలకే అనుకునేవు, ఊరించే వార్తలకీ ఇంతే. 2023లో బరువు తగ్గించే మందు సెమాగ్లుటైడ్ మీద వచ్చిన పెద్ద ట్రయల్ ఉంది కదా, బరువు ఎక్కువుండి అప్పటికే గుండె జబ్బున్న 17,604 మంది మీద చేసింది. గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బుతో మరణం, ఈ మూడూ కలిపి 20 శాతం తగ్గాయని అందరూ చెప్పారు. మూడేళ్ల పైచిలుకులో ప్లాసిబో, అంటే ఉత్తుత్తి మందు, తీసుకున్నవాళ్లలో నూటికి 8 మందికి ఇలాంటివి జరిగితే, మందు తీసుకున్నవాళ్లలో నూటికి ఆరున్నర. మంచి ఫలితమే, నేను కాదనను. కానీ ఎనిమిది ఆరున్నర అయిందని చెబితే వినేవాడు తన డాక్టరు దగ్గర కూర్చుని మాట్లాడగలుగుతాడు. ఉత్త 20 శాతం చేతిలో పెడితే మందుల షాపుకి పరిగెత్తుతాడు.

ముసలాడు ఒక్క సంగతినే పట్టుకుని లాగుతున్నాడనుకుంటున్నావేమో. మీ పెద్దమ్మకి ఎడమ చెయ్యి ఎందుకు పైకి లేవదో నీకెవరూ చెప్పి ఉండరు. నీకప్పుడు నాలుగైదేళ్లు. బీపీ మాత్రలు జీవితాంతం అక్కర్లేదని ఎక్కడో ఏదో చదివి, ఎవరికీ చెప్పకుండా మానేసింది. నాకూ చెప్పలేదు. చెబితే తిడతానని తెలుసు. పక్షవాతం వచ్చి ఆస్పత్రిలో చేరాక, ఏ మాత్రలు వాడుతోందో చూద్దామని ఆమె మందుల డబ్బా తెరిచాను. చింపని స్ట్రిప్పులు వరసగా ఉన్నాయి, వాటి మీద నాలుగు మడతలు పెట్టిన పేపర్ కటింగ్. అది మా పేపర్ కాదు. అయినా తిప్పి చూసి, కాదని నమ్మకం కుదిరాకే ఊపిరి పీల్చుకున్నాను. అదే కటింగ్ రేపు నీ వీడియో అవుతుందేమోనని నా భయం. అది అతి భయం కావచ్చు, కానీ నాకు ఇంకోలా ఆలోచించడం రాదు.

అందుకే 2022 జూలైలో వచ్చిన సెరటోనిన్ వ్యాసం గురించి నువ్వు ఎలా చెబుతావో వినాలని ఉంది. మెదడులో సెరటోనిన్ అనే రసాయనం తక్కువవడం వల్లే డిప్రెషన్ వస్తుందనడానికి నిలకడైన ఆధారాలు లేవని, అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూసి రాశారు. మాలిక్యులర్ సైకియాట్రీ పత్రికలో వచ్చింది. బయట దాన్ని చాలామంది "డిప్రెషన్ మందులు దండగ" అని చదువుకున్నారు. ఆ వ్యాసం మందులు పనిచేస్తాయా లేదా అన్నది పరీక్షించనేలేదు. పారాసిటమాల్ వేసుకుంటే తలనొప్పి తగ్గుతుంది, అలాగని ఒంట్లో పారాసిటమాల్ తక్కువై తలనొప్పి వచ్చిందంటామా? మందు ఎలా పనిచేస్తుందన్నది ఒక ప్రశ్న, పనిచేస్తుందా అన్నది వేరే ప్రశ్న. పైగా ఆ మాత్రలు ఉన్నట్టుండి మానేస్తే కళ్లు తిరగడం, నిద్ర పట్టకపోవడం, ఆందోళన, కొందరికి తలలో కరెంటు షాక్ కొట్టినట్టు ఉండడం, ఇవన్నీ రావచ్చు. మానాలనుకుంటే డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి. ఈ ఒక్క వాక్యం డిస్క్రిప్షన్‌లో రాస్తే కుదరదు, నోటితో చెప్పాలి, వీడియో మొదట్లోనే చెప్పాలి.

సైకాలజీ వార్తలు నీకు బాగా నచ్చుతాయని తెలుసు. జనానికీ నచ్చుతాయి, ఎందుకంటే అందులో ప్రతివాడికీ తన మొహమే కనిపిస్తుంది. అందుకే అక్కడ ఇంకాస్త ఆలస్యంగా నమ్ము. 2015లో సైన్స్ పత్రికలో వచ్చిన పని గుర్తుంచుకో. పేరున్న పత్రికల్లో అచ్చయిన 100 సైకాలజీ ప్రయోగాలని వేరేవాళ్లు మళ్లీ చేసి చూశారు. మొదటిసారి 97 శాతం ప్రయోగాల్లో ఫలితం వచ్చింది, రెండోసారి 36 శాతంలోనే. నువ్వు ఇంటర్వ్యూకి వెళ్లేముందు అద్దం ముందు నడుం మీద చేతులు పెట్టుకుని వీరవనితలా నిలబడ్డావని మీ అమ్మ చెప్పి తెగ నవ్వింది. ఆ భంగిమ వల్ల హార్మోన్లు మారతాయన్న 2010 నాటి ప్రయోగం చేసింది 42 మంది మీద. 2015లో ఇంకొకరు 200 మంది మీద చేస్తే, ధైర్యంగా అనిపించిందన్నారు గానీ హార్మోన్లు మారలేదు. మరుసటి ఏడాది, మొదటి పేపర్ రాసినవాళ్లలో ఒకరైన డేనా కార్నీ, ఆ ప్రభావం నిజమని తాను ఇక నమ్మడం లేదని బాహాటంగా రాసింది. అలా రాయడానికి ఎంత గుండె ఉండాలో! నీ చానల్లో ఒక వీడియో ఆమె మీద చెయ్యి. నీకు ఉద్యోగమైతే వచ్చింది కాబట్టి, నువ్వు నిలబడ్డందుకు నేనేమీ అననులే.

కెమిస్ట్రీ నీ సొంత సబ్జెక్టు, అందులో నేను చెప్పేదేముంది. ఒక్కటి మాత్రం చెబుతాను, నీకు తెలిసినచోటే నువ్వు కళ్లు మూసుకుని దాటిపోతావు. 2024లో నల్ల ప్లాస్టిక్ గరిటెల్లో మంట అంటుకోకుండా కలిపే రసాయనాలున్నాయని కీమోస్ఫియర్ పత్రికలో ఒక పేపర్ వచ్చింది. అలాంటి గరిటెల వల్ల రోజుకి 34,700 నానోగ్రాములు ఒంట్లోకి చేరవచ్చని అంచనా వేశారు. సురక్షిత పరిమితి కిలో బరువుకి రోజుకి 7,000 నానోగ్రాములు. 60 కిలోల మనిషికి ఎంత? పేపర్లో 42,000 అని వేశారు. అంటే పరిమితి దగ్గరికి వచ్చేసినట్టే కదా, జనం బెంబేలెత్తి గరిటెలు పారేశారు. 60ని 7,000తో గుణిస్తే 4,20,000. ఒక్క సున్నా పోయింది. సరిచేస్తే ఆ మోతాదు పరిమితిలో పదో వంతు కూడా లేదు. రచయితలు డిసెంబర్‌లో దిద్దుబాటు ఇచ్చారు. ఆ రసాయనాలు అక్కడ ఉండకూడదన్న మాట మాత్రం అలాగే ఉంది, అదీ న్యాయమే. కానీ ఆ గుణకారం ఆరో తరగతి పిల్లలు చేసేది. పత్రికలో పరిశీలించినవాళ్లూ, వార్త రాసినవాళ్లూ దాన్ని ఎవరూ వెయ్యలేదు. నువ్వు పెన్ను తీసి కాగితం మీద వెయ్యి. కాలిక్యులేటర్ అయినా పర్లేదు.

ఎల్‌కే-99 గొడవప్పుడు నువ్వు ఫోన్ చేసి "మామయ్యా, గది ఉష్ణోగ్రత దగ్గరే సూపర్‌కండక్టర్!" అని అరిచావు గుర్తుందా? కరెంటుని ఏ అడ్డూ లేకుండా పోనిచ్చే పదార్థం దొరికిందన్నారు, అది 2023 జూలై చివర్లో. ఆగస్టు సగానికల్లా తేలిపోయింది, కరెంటుకి నిరోధం ఒక్కసారిగా పడిపోవడం అందులో కలిసిన కాపర్ సల్ఫైడ్ మహిమని. అప్పుడు నిన్ను తిట్టలేదు, ఇప్పుడూ తిట్టను. ఆ అరుపు నాకిష్టం. చానల్లో మాత్రం రెండు మూడు వారాలు ఆగి అరుచుకో.

కాస్త పేరొచ్చాక విటమిన్ మాత్రలవాళ్లు, పొడులవాళ్లు డబ్బిస్తామని వస్తారు. వద్దను. ఈ విషయంలో నాతో వాదించకు.

ఇక నువ్వు మీ అమ్మ ద్వారా పంపిన మొదటి స్క్రిప్టు. లెకానెమాబ్ గురించి, "అల్జీమర్స్ మందు జబ్బుని 27 శాతం నెమ్మది చేసింది" అని మొదలుపెట్టావు. వాక్యం బాగుంది, గొంతు కూడా బాగా పలుకుతుంది. కానీ ఆ ట్రయల్‌ని మళ్లీ చూడు. 1,795 మంది, 18 నెలలు, జబ్బు ఎంత ముదిరిందో కొలిచే 18 పాయింట్ల కొలబద్ద. ఆ కాలంలో ప్లాసిబో తీసుకున్నవాళ్లు 1.66 పాయింట్లు దిగజారారు, మందు తీసుకున్నవాళ్లు 1.21. తేడా 0.45. రెండు వైపులా దిగజారారన్న సంగతి నీ స్క్రిప్టులో ఎక్కడా లేదు. వినేది ఎవరనుకున్నావు? తన పేరు మర్చిపోతున్న తల్లి పక్కన కూర్చున్న కొడుకు. ఆమె మళ్లీ మామూలు మనిషి అవుతుందనుకుంటాడు. అలాగే మందు తీసుకున్నవాళ్లలో 12.6 శాతం మందికి స్కాన్‌లో మెదడు వాపు కనిపించింది, ప్లాసిబోలో 1.7 శాతం మందికి. వాళ్లలో చాలామందికి లక్షణాలేమీ కనిపించలేదు, అదీ చెప్పు. ఇవన్నీ పెడితే వీడియో రెండు నిమిషాలు పెరుగుతుంది, పెరగనీ.

రెండో పేజీలో "విప్లవాత్మకమైన" అని మూడు చోట్ల ఉంది, మూడూ కొట్టేశాను. మిగతాది ఎర్ర పెన్నుతో దిద్ది ఫొటోలు తీసి పెడతాను, ఫోన్‌లో టైప్ చేయడం నా వల్ల కాదు. దిద్దింది శనివారంలోపు తిరిగి పంపు, ఈసారి అమ్మ ద్వారా కాదు, నాకే పంపు.

మీ మామయ్య