100 గజాల్లో ఇల్లు: ఒకేసారి రెండంతస్తులు వెయ్యాలా?

ప్రశ్న: హైదరాబాద్ శివారులో 100 గజాల స్థలం ఉంది. చేతిలో 12 లక్షలున్నాయి. జీతం 55 వేలు, అద్దె 12 వేలు. మేస్త్రీ అడుగుకు 2,000 అంటున్నారు. రెండంతస్తులు కట్టి పైది అద్దెకిద్దామా?

జవాబు: పునాది, కాలమ్‌లు రెండంతస్తులకు వేయించండి. కట్టేది మాత్రం ఇప్పటికి ఒక్కటే.

చుట్టూ ఖాళీలు వదిలాక 650 చదరపు అడుగులు వస్తాయనుకుంటే 13 లక్షలు. బోరు, సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ, కరెంటు మీటరు మేస్త్రీ రేటులో సాధారణంగా ఉండవు. వాటికీ, గట్టి పునాదికీ మరో 3 లక్షలు వేసుకోండి. మీ డబ్బులో 3 లక్షలు అత్యవసరానికి ముట్టుకోకుండా 9 పెట్టి, 8 లక్షలు లోను తీసుకోండి. పైన మిగిలే లక్ష టైల్స్, తలుపుల దగ్గర అక్కరకొస్తుంది. 8.5 శాతం వడ్డీకి 15 ఏళ్లైతే ఈఎంఐ సుమారు 7,880. తప్పిపోయే అద్దెకన్నా తక్కువే.

రెండంతస్తులైతే లోను 21 లక్షల దాకా వెళ్తుంది. 20 ఏళ్లకైనా ఈఎంఐ 18 వేలు దాటుతుంది. పై వాటా ఖాళీగా ఉన్న నెలలో అదంతా జీతం మీదే పడుతుంది. పన్ను ఆదా కోసం పెద్ద లోను అనుకోకండి: కొత్త ఆదాయపు పన్ను విధానంలో సొంతంగా ఉండే ఇంటి వడ్డీకి మినహాయింపు లేదు.

బ్యాంకు ముందు మీ వాటా ఖర్చు పెట్టమంటుంది, తర్వాత పని జరిగినకొద్దీ దశలవారీగా ఇస్తుంది. అందుకే మేస్త్రీతో ఒప్పందం కూడా పునాది, స్లాబు, గోడలు, ప్లాస్టరింగు అని దశలవారీగానే రాసుకోండి. ముందే ఎక్కువ అడ్వాన్సు ఇస్తే స్లాబు దగ్గర పని ఆగుతుంది. అప్పుడు అద్దె, లోను వడ్డీ రెండూ కడుతూ కూర్చోవాలి. ప్లాన్ అనుమతి మాత్రం రెండంతస్తులకూ ఇప్పుడే అడగండి.

స్లాబు పైన కాలమ్ ఊచలు మూడడుగులు వదిలించి, సిమెంటు పాలు పూసి, సిమెంటు తక్కువ కలిపిన కాంక్రీటుతో కప్పించండి. కప్పకుండా వదిలేస్తే నాలుగైదు వానాకాలాలకు తుప్పు పట్టి, పై అంతస్తుకు పనికిరాకపోవచ్చు. మెట్లు బయటినుంచే పెట్టించండి, రేపు అద్దెకుండేవాళ్లు మీ హాల్లోంచి నడవక్కర్లేదు.

ఇంకుడుగుంత ఇప్పుడే తవ్వించండి. 60 చదరపు మీటర్ల (650 చదరపు అడుగుల) కప్పు మీద ఏడాదిలో 800 మిల్లీమీటర్ల వాన పడితే 48 వేల లీటర్లు, కొంత పోయినా బోరుకు మంచిదే. సోలార్ మాత్రం ఆపండి. పీఎం సూర్యఘర్‌లో 2 కిలోవాట్లకు 60 వేల సబ్సిడీ ఉంది, కానీ ప్యానెళ్లు పెట్టాకే వస్తుంది, పైగా పై అంతస్తు వేసేటప్పుడు వాటిని విప్పాలి. ఇప్పటికి రేపటి సోలార్ వైర్ల కోసం స్లాబు నుంచి మీటరు దాకా ఖాళీ పైపు వేయించి ఉంచండి.