హైవే పక్క స్థలం: ముందు బిల్డింగులనే గోడగా వాడండి

హైవే పక్కన ఉన్న మీ స్థలంలో ఇళ్లు, షాపులు కట్టేటప్పుడు, హైవే వైపు చెట్ల వరుస వేస్తే ఇళ్లకు శబ్దం తగ్గుతుందా అని అడిగారు. ఒక్క వరుసతో దాదాపు ఏమీ తగ్గదండి. దట్టంగా 30 మీటర్ల వెడల్పున పెంచితే ఏదో 5 డెసిబెల్స్ తగ్గొచ్చు. రోడ్డు నుంచి ఇళ్ల దూరం రెట్టింపు చేసినా తగ్గేది సుమారు 3 డెసిబెల్సే.

మీ ప్లాన్‌లో షాపులు, ఆఫీసులు, పార్కింగ్ ఎలాగూ ఉన్నాయి కదా, వాటినే హైవే పొడవునా ఖాళీ లేకుండా కట్టండి. మధ్యలో సందు వదిలితే శబ్దం అందులోంచి లోపలికి వచ్చేస్తుంది. ఇళ్లు వాటి వెనక, బెడ్‌రూమ్ కిటికీలు లోపలి ఆవరణ వైపు.

పొగ విషయం అంతకంటే ముఖ్యం. గాలి లోపలికి తీసుకునే ఫ్యాన్లు బిల్డింగుకు రోడ్డు లేని వైపే పెట్టించండి, మంచి ఫిల్టర్లతో. పిల్లల ఆటస్థలం మాత్రం దయచేసి హైవే అంచున పెట్టకండి.