విజయవాడ దగ్గర కృష్ణా నదిలో గేలం వేసేటప్పుడు ఎరకి సెంటు చుక్కలు పట్టిస్తే చేపలు ఎక్కువ పడతాయా? ఏ కంపెనీది కొనాలి?

ఎరకి వాసన ఉండాలి, అందులో డౌటే లేదు. కానీ దానికి సీసా కొనక్కర్లేదు. మాది కొవ్వూరు, ఊహ తెలిసినప్పట్నుంచీ గోదాట్లో గేలం వేస్తున్నా కాబట్టి గట్టిగానే చెప్తున్నా.

రెండేళ్ళ కిందట నేనూ ఆన్‌లైన్‌లో ఒక సీసా తెప్పించా, స్ట్రాబెర్రీ వాసన, నాలుగొందలు. కార్తీకంలో ఓ ఆదివారం తెల్లారగట్ల మావయ్యా నేనూ రోడ్ కమ్ రైలు బ్రిడ్జి దగ్గర్లో ఒడ్డున కూర్చున్నాం. మైదా ముద్దకి నాలుగు చుక్కలు పట్టించి వేశా. ముద్ద మునిగింది, కానీ అది మునిగిన చోట నీళ్ళ మీద అరచేయంత రంగురంగుల పొర ఒకటి తేలి, సన్నగా సాగుతూ దిగువన ధవళేశ్వరం వైపు వెళ్ళిపోయింది. మావయ్య అదే చూస్తున్నాడు. "ఒరేయ్, నీ వాసన పైన పోతంది, చేప అడుగున ఉంది" అన్నాడు. గంటన్నర కూర్చున్నా దారానికి కట్టి నీళ్ళ మీద తేలేసిన బెండు కదల్లేదు.

నా సీసాలో ఉన్నది నూనె. నూనె నీళ్ళలో కరగదు, తేలిపోద్ది. చేపకి ముక్కు రంధ్రాలున్నది ఊపిరికి కాదు, వాసనకే, అదీ నీళ్ళలో కరిగిన వాసనే దానికి తెలుస్తుంది. జెల్ల చేపకైతే మీసాలతో కూడా రుచి తెలుస్తుంది. పైపైన తిరిగే బొచ్చెకి నూనె వాసన తగుల్తుందేమో గానీ అడుగున బురదలో మేసే ఎర్రమోసుకి ఎలా తగుల్తుంది చెప్పండి?

మావయ్య ఎర వేరు. వేరుశనగ చెక్క, అంటే నూనె తీశాక మిగిలే పిప్పి, ముందురోజు రాత్రే నానబెట్టి, పొద్దున్నకి కాస్త పులిసిన వాసన వస్తుంటే అందులో దోరగా వేయించిన తవుడు కలిపి, సోంపు మరగబెట్టిన నీళ్ళు పోసి పిసుకుతాడు. నన్ను మాత్రం ముట్టుకోనివ్వలేదు, దారిలో బండికి పెట్రోలు కొట్టించా కదా, ఆ వాసన ఎరకి అంటుతుందని ముందు ఒడ్డున మట్టితో చేతులు తోముకు రమ్మన్నాడు. తోముకున్నాక అదే ముద్ద నా గేలానికీ పెట్టా. పావుగంటకి బెండు రెండుసార్లు సన్నగా వణికి, పక్కకి వాలి, టక్కున లోపలికి పోయింది. కేజీన్నర ఎర్రమోసు, టంగూసు (నైలాన్) దారం వేళ్ళని కోసేసింది.

 

మీరు విజయవాడ దగ్గర కృష్ణలో వేస్తానన్నారు కదా, అక్కడా ఇదే చెక్కా తవుడూ పనిచేస్తాయి. నీళ్ళు జోరుగా పారే చోట కూర్చోకండి, ఏ వాసనైనా కొట్టుకుపోద్ది, ఒడ్డు లోపలికి తిరిగి నీళ్ళు నెమ్మదించే చోటు చూసుకోండి. గేలం వేసే ముందు అక్కడ రెండు పిడికిళ్ళ తవుడు ముద్ద చల్లి, ఓ అరగంట ఓపిక పట్టండి. సిగరెట్ అలవాటుంటే మాత్రం ఎర ముద్ద పక్కనున్న వాళ్ళ చేత పెట్టించుకోండి.