పూల్ వైరింగ్‌లో ఖర్చు ఎక్కడ తగ్గుతుంది?

ప్రశ్న: పెరట్లో చిన్న స్విమ్మింగ్ పూల్ కట్టిస్తున్నామండి, పంపుకీ లైట్లకీ వైరింగ్ ఖర్చు చాలా అయ్యేలా ఉంది, ఎక్కడ తగ్గించుకోవచ్చో చెప్తారా?

జవాబు: తగ్గించుకోవచ్చండి, కానీ సేఫ్టీలో మాత్రం అస్సలు వద్దు, తడి ఒంటికి షాక్ తగిలితే చాలా ప్రమాదం. డబ్బు ఎక్కువగా కేబుల్ దూరంలోనే పోతుంది, అందుకే పంపు మెయిన్ బోర్డుకి వీలైనంత దగ్గర్లో వచ్చేలా ముందే ప్లాన్ గీయించుకోండి, కేబుల్ పొడవు తగ్గితే వోల్టేజ్ డ్రాప్, అంటే దారిలో వోల్టేజ్ పడిపోవడం, తగ్గుతుంది, సన్న కేబుల్ సరిపోవచ్చు కూడా. నీళ్ల పైపుల కోసం ఎలాగూ తవ్వుతారు కదా, అప్పుడే కేబుల్ పైపు వేయించేయండి, రెండిటికీ మధ్య ఖాళీ వదలాలి, పక్కన ఇంకో ఖాళీ పైపు కూడా వేయిస్తే తర్వాత హీటర్ పెట్టుకున్నా మళ్లీ తవ్వక్కర్లేదు. లైట్లు 12 వోల్టుల ఎల్ఈడీవి తీసుకోండి, వాటి ట్రాన్స్‌ఫార్మర్ ఐసోలేటింగ్ రకమే (మెయిన్ కరెంటుతో లైట్ల తీగ నేరుగా కలవనిది) అయ్యుండాలి, దాన్ని నీళ్లకి దూరంగా పెట్టించండి.

ఇక ఎంత ఖర్చైనా మానకూడనివి: 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్), పంపుకి విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైనా, షార్ట్ అయినా ఆపేసే స్విచ్), సరైన ఎర్తింగ్. చాలామంది వదిలేసేది బాండింగ్, అంటే నిచ్చెన, రెయిలింగ్, పంపు బాడీ, కాంక్రీటు లోపలి ఇనుప చువ్వలు అన్నీ ఒకే రాగి తీగతో కలపడం, ఇది కాంక్రీటు పోయకముందే అయిపోవాలి, తర్వాత చేయాలంటే పగలగొట్టాల్సిందే. మట్టి తవ్వడం మీరే చేసుకోండి, కూలీ మిగులుతుంది, కనెక్షన్లు మాత్రం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే ఇప్పించండి.