శబ్దంతో ఇసుక ముగ్గులు వేసే స్టాల్ పెట్టాలంటే?

బెంగళూరు అపార్ట్‌మెంట్‌లో సైన్స్ డే స్టాల్‌కి ఇది బాగా నప్పుతుంది. 15 సెం.మీ. చదరంగా, 1 మి.మీ. మందమున్న అల్యూమినియం రేకుకి సరిగ్గా నడిమధ్యలో రంధ్రం చేసి, ఊఫర్ (బరువైన శబ్దాలిచ్చే స్పీకర్) కోన్ మధ్యలో అతికించిన బోల్టుకి బిగించండి. శబ్దానికి ఫోన్‌లో టోన్ యాప్ (కోరిన పౌనఃపున్యంలో ఒకే స్వరం మోగించేది), చిన్న యాంప్లిఫయర్ చాలు. రేకు మీద ఇసుక చల్లి, పౌనఃపున్యాన్ని (సెకనుకి ఎన్ని కంపనాలో ఆ లెక్క) 200 హెర్ట్జ్ నుంచి మెల్లగా పెంచండి. కొన్ని పౌనఃపున్యాల దగ్గర ఇసుక ఒక్కసారిగా గీతలు కడుతుంది. రేకు కదలని చోట్లకి చేరుతుందన్నమాట. 1787లో జర్మన్ శాస్త్రవేత్త క్లాడ్నీ ఫిడేలు కమానుతో చూపించింది ఇదే.

గీతలు పడకపోతే ముందు తేమని అనుమానించాలి. ఇసుకని బాణలిలో వేయించి, చల్లార్చి, జల్లించండి. ముగ్గుపిండి మాత్రం వద్దు: మరీ మెత్తటి పొడి గాలి సుడులకు చిక్కి, రేకు ఎక్కువగా ఊగే చోట్లే పోగవుతుంది. బొమ్మంతా ఒక పక్కకి జారితే రేకు మట్టంగా లేనట్టే. రంగు ఇసుక సరదాయే గానీ, నల్ల రేకు మీద తెల్ల ఇసుకే దూరానికి కనిపిస్తుంది.