ఎంపీలు, ఎమ్మెల్యేలు విదేశీ ప్రభుత్వాలతో సొంతంగా మాట్లాడుకోవచ్చా? వద్దనే నేనంటాను

ఎంపీ అయినా, ఎమ్మెల్యే అయినా, అమెరికా సెనేటర్ అయినా పరాయి ప్రభుత్వంతో సొంతంగా మాటలు నడపకూడదు. మా అక్క ఇంట్లో జరిగింది చూశాక నాకు ఇందులో రెండో అభిప్రాయం లేదు.

మాది జగిత్యాల దగ్గర పల్లె. మా వైపు గల్ఫ్‌లో మనిషి లేని ఇల్లు తక్కువ. మా బావను డ్రైవర్ పని అని చెప్పి సౌదీ పంపారు, తీరా అక్కడ ఎడారిలో గొర్రెలు కాయించారు. లైసెన్సు లేని ఏజెంట్లు ఊళ్లలో ఇప్పటికీ దర్జాగా తిరుగుతున్నారు. వాళ్ల మాట నమ్మి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి పోయేవాళ్లూ ఉన్నారు. నాకు కడుపు మండేది అక్కడే. బావ జీతం అడిగితే కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, కొట్టాడు. తప్పించుకుని రియాద్ చేరితే, పారిపోయాడని ఫిర్యాదు చేసి హురూబ్ పెట్టించాడు. అప్పట్లో హురూబ్ పడితే అకామా, అంటే అక్కడ ఉండేందుకు ఇచ్చే కార్డు, చెల్లేది కాదు, దొరికితే జైలు, ఇంటికి వద్దామన్నా వదిలేవారు కాదు.

విదేశాల్లో చిక్కుకున్నవాళ్ల కోసం మన విదేశాంగ శాఖ నడిపే మదద్ పోర్టల్‌లో అక్క ఫిర్యాదు పెట్టింది. ఎంబసీ వాళ్లు పాస్‌పోర్టు కాపీ, కఫీల్ నంబరు అడిగారు. ఇంతలో ఒక ఎమ్మెల్యే గల్ఫ్ పోతున్నాడని తెలిసి అక్క ఆయన ఇంటికి వెళ్లింది. "నువ్వు ఏడవకమ్మా, అక్కడి సర్కారుతో నేనే మాట్లాడతా" అన్నాడు. వెళ్లాడు, ఎవరో అధికారిని కలిశాడు, శాలువా కప్పాడు. ఫోటో పేపర్లో వచ్చింది. "పని అయిపోయినట్టే, ఇంక ఎంబసీ వెంట పడకు, రెండు దిక్కులా తిరిగితే చెడిపోతుంది" అని ఆయన మనుషులు అక్కకు గట్టిగా చెప్పారు. అక్క ఆగిపోయింది. నెలలు గడిచాయి. బావ రియాద్‌లో ఒక గదిలో పదిమందితో కలిసి దాక్కున్నాడు.

చివరికి నేనే ఎంబసీకి ఫోన్ చేశాను. అదృష్టం కొద్దీ తెలుగు వచ్చిన ఉద్యోగి దొరికాడు. "మీ ఎమ్మెల్యే గారు ఎవరితో మాట్లాడారన్నా? కాగితం ఏమన్నా ఇచ్చారా? మాకైతే ఏదీ రాలేదు. మా దగ్గర నుంచి ఉత్తరం పోతేనే ఇక్కడ ఫైలు కదులుతుంది" అన్నాడు. ఆ సౌదీ అధికారిని నేను తప్పుపట్టను. వచ్చిన అతిథికి మర్యాదగా తల ఊపాడు. ఆ మాట మీద రేపు ఆయన్ను నిలదీసే హక్కు ఎవరికుంది? మన ప్రభుత్వానికి ఆ మాట సంగతే తెలియదు, ఎమ్మెల్యేకు అడిగే అధికారం లేదు. ఫైలు మళ్లీ మొదటి నుంచి నడిచింది. 2017లో సౌదీ క్షమాభిక్ష ప్రకటించాక ఎంబసీ పాస్‌పోర్టుకు బదులు ఇచ్చిన ఔట్‌పాస్‌తో బావ ఇల్లు చేరాడు.

మన రాజ్యాంగం విదేశీ వ్యవహారాలను కేంద్రం మాత్రమే చూసే కేంద్ర జాబితాలో పెట్టింది ఇందుకే. విదేశీ ఆతిథ్యం తీసుకోవాలంటే చట్టసభ సభ్యులు ముందే కేంద్రం అనుమతి తీసుకోవాలని 2010 నాటి విదేశీ విరాళాల చట్టం చెబుతోంది. అనుమతి లేకుండా పరాయి ప్రభుత్వంతో వివాదాల మీద మాటలు నడపడం నేరమని అమెరికాలో 1799లోనే లోగన్ చట్టం చేశారు, కానీ దాని కింద ఇంతవరకు ఒక్కరికీ శిక్ష పడలేదు. 2015లో ఒబామా ఇరాన్‌తో అణు ఒప్పందం మాట్లాడుతుంటే 47 మంది రిపబ్లికన్ సెనేటర్లు నేరుగా ఇరాన్ నాయకులకే బహిరంగ లేఖ రాశారు. తర్వాతి అధ్యక్షుడు ఒక్క సంతకంతో ఆ ఒప్పందాన్ని రద్దు చేయగలడన్నారు. 2018లో ట్రంప్ ఆ ఒప్పందం నుంచి బయటికి వచ్చాడు కాబట్టి వాళ్లు చెప్పింది నిజమే కదా అనేవాళ్లున్నారు. నిజమే అనుకోండి, అది చెప్పాల్సింది ఒబామాకు, తమ సభలో. అవతలి దేశానికి ఉత్తరం రాసి కాదు.

అలాగని చట్టసభల వాళ్లు గడప దాటొద్దని నేననను. 1994లో కశ్మీర్ మీద పాకిస్తాన్ జెనీవాలో, ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిషన్‌లో తీర్మానం పెడితే, మన పి.వి. నరసింహారావు ప్రతిపక్ష నాయకుడు వాజ్‌పేయిని భారత బృందానికి నాయకుడిగా పంపారు. పాకిస్తాన్ ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. 2025లో ఆపరేషన్ సిందూర్ తర్వాత ఏడు అఖిలపక్ష బృందాలు విదేశాలకు వెళ్లాయి. ఇక్కడ మోదీ ప్రభుత్వాన్ని రోజూ విమర్శించే అసదుద్దీన్ ఒవైసీ సౌదీ, కువైట్ వెళ్లి దేశం మాటే మాట్లాడారు. వాళ్లంతా దేశం పంపితే, దేశం పేరు మీద వెళ్లారు.

"ఎంబసీలు పలకవు, అందుకే లీడర్లు పోవాలి" అని మా ఊళ్లోనూ అంటారు. ఎంబసీలు పలకని మాట నిజం. చాలాచోట్ల లక్షల మంది కార్మికులకు ఉండే సిబ్బంది ఏ మూలకూ చాలరు. అయితే దాన్ని పార్లమెంటులో అడగాల్సింది ఎవరు? నిజామాబాద్, కరీంనగర్ ఎంపీలు ప్రశ్నోత్తరాల సమయంలో లేచి విదేశాంగ మంత్రిని నిలదీస్తే ఆయన జవాబు చెప్పి తీరాలి. లీడరు తానే రియాద్ పోయి శాలువా కప్పి వస్తే మంత్రిత్వ శాఖ హాయిగా తప్పించుకుంటుంది.

మీ ఇంట్లో ఎవరైనా అక్కడ చిక్కుకుంటే ఎమ్మెల్యే దగ్గరికి తప్పకుండా వెళ్లండి. విదేశాంగ శాఖకు లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాయించుకోండి. అందులో పాస్‌పోర్టు నంబరు, మదద్ ఫిర్యాదు నంబరు ఉండాలి. కాపీ మీ దగ్గర పెట్టుకుని ఎంబసీకి కూడా మెయిల్ చేయండి. అక్కడి వాళ్లతో నేనే మాట్లాడతా అని ఆయన అన్నా సరే, ఎంబసీకి ఫోన్ చేయడం మాత్రం ఆపకండి.