ఎండల్లో చాక్లెట్ బార్క్ మెత్తబడి, పైన తెల్లబడుతుంటే

తిరుపతి నుంచి మీరు అడిగింది ఇదే కదా: మీ బార్క్ (కరిగించిన చాక్లెట్‌ని పల్చగా పోసి, పైన పప్పులు చల్లి, గట్టిపడ్డాక విరిచే ముక్కలు) పట్టుకుంటే వేళ్ళకు అంటుకుపోతోంది, ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే మర్నాటికి తెల్లబడుతోంది, అంతేగా? నేనూ తిరుపతిలోనే ఉంటానండి, పండగలకు బంధువులకు డబ్బాల్లో పెట్టి ఇస్తుంటాను. రెసిపీని అనుమానించే ముందు మీరు కొన్న చాక్లెట్ ప్యాకెట్ వెనక్కి తిప్పి చదవండి.

కొవ్వుగా కోకో బటర్ అని మాత్రమే ఉంటే అది అసలు చాక్లెట్ (కోకో బటర్ ఎక్కువ ఉన్న రకాన్ని కూవర్చర్ అంటారు). హైడ్రోజినేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ అని ఉంటే కాంపౌండ్, అంటే కోకో బటర్ బదులు వేరే కొవ్వుతో చేసింది. కోకో బటర్ దాదాపు 34 డిగ్రీలకే కరిగిపోతుంది, మన దగ్గర మే నెలలో బయట 40 దాటుతుంది, ఇక ఫ్యాను కింద ఎంతసేపు పెట్టినా అదెక్కడ గట్టిపడుతుంది చెప్పండి. అందుకే ఎండాకాలమంతా నేను కాంపౌండే వాడతాను, కరిగించి పోస్తే చాలు. రుచిలో ఒక మెట్టు తక్కువే, కాదనను. చలికాలం వచ్చాక అసలు చాక్లెట్. రెండూ ఉన్నాయి కదా అని సగం సగం కలిపారో, ఆ కొవ్వులు ఒకదాంతో ఒకటి పొసగక ఎప్పటికీ మెత్తగానే ఉంటుంది.

అసలు చాక్లెట్‌ని ఊరికే కరిగించి పోస్తే కుదరదు, టెంపరింగ్ చేయాలి, అంటే మెరుస్తూ గట్టిగా ఆరేలా లెక్క ప్రకారం వేడి చేసి చల్లార్చాలి. డార్క్ అయితే 400 గ్రాముల్లో మూడింట రెండు వంతులు వేడినీళ్ళ గిన్నె మీద 45 డిగ్రీల దాకా కరిగించి, దించి, మిగతాది తరిగి వేసి, 31, 32 డిగ్రీలకు వచ్చేదాకా ఓపిగ్గా కలుపుతూ ఉండాలి. మిల్క్ చాక్లెట్‌కి ఇంకో రెండు డిగ్రీలు తగ్గించుకోండి. థర్మామీటర్ లేకపోతే గరిటె మొనతో కాస్త బటర్ పేపర్ మీద రాసి చూడండి, చల్లని గదిలో ఐదు నిమిషాల్లో మెరుస్తూ ఆరితే కుదిరినట్టే. గిన్నెలోకి ఆవిరి చుక్క పడనివ్వకండి, ముద్ద కట్టేస్తుంది.

పైన వేసేవాటికి బాదం, పిస్తాలే కావాలని ఏం లేదు. మన చెనిక్కాయ విత్తనాలు సన్నసెగ మీద చిటపటమనేదాకా వేయించి, పొట్టు నలిపి ఊదేసి, బద్దలుగా చేసి వేస్తే డార్క్ చాక్లెట్‌కి వాటిని మించినవి లేవని నా అభిప్రాయం, పైన రెండు వేళ్ళతో పట్టినంత ఉప్పు చల్లితే ఇంకా బాగుంటుంది. జీడిపప్పు మాత్రం పాయసానికి వేయించినట్టు నేతిలో వేయించకండి, ఆ నెయ్యి చేరితే చాక్లెట్ మెత్తబడుతుంది (మా అత్తకి ఇది ఇప్పటికీ నచ్చదు, నెయ్యి లేని జీడిపప్పేంటి అంటుంది). ఏది వేయించినా పూర్తిగా చల్లారాలి. ఎండుద్రాక్ష కడిగితే తడి మొత్తం ఆరేదాకా గుడ్డ మీద పరిచి ఉంచండి. మామిడి తాండ్రని కత్తెరతో సన్నగా కత్తిరించి వేస్తే ఆ పులుపు భలే కుదురుతుంది. టూటీ ఫ్రూటీ అయితే పాకం జిడ్డు ఉంటుంది, నేను వేయను. అన్నీ కలిపి 150 గ్రాములు దాటితే విరిచేటప్పుడు రాలిపోతాయి.

ఇక తెల్లబడటం. వేలితో రుద్ది చూడండి. జిడ్డుగా తగిలి కరిగిపోతే కొవ్వు పైకి తేలింది, అంటే టెంపరింగ్ కుదరలేదు లేదా వేడికి కరిగి మళ్ళీ గట్టిపడింది. గరుగ్గా తగిలితే చక్కెర, అది ఫ్రిజ్ తడి వల్ల వస్తుంది. రెండూ తినొచ్చు, భయం లేదు. మీది ఫ్రిజ్‌లోంచి తీశాకే వస్తోంది కాబట్టి రెండోదే అనుకుంటున్నా. పోశాక ఫ్రిజ్‌లో 15, 20 నిమిషాలు చాలు. తర్వాత విరిచి, గాలి చొరని డబ్బాలో పెట్టండి. ఎండాకాలం ఆ డబ్బాని ఫ్రిజ్‌లో ఉంచక తప్పదు గానీ, బయటికి తీయగానే మూత తెరవకండి, డబ్బా చల్లదనం పోయాకే తీయండి.

చెన్నైకో బెంగళూరుకో బస్సులో పంపాలంటే మాత్రం కాంపౌండే, అదీ రాత్రి బస్సుకి.